ముందు గేరు బరువుగా పడుతుంటే చేతిని తిట్టుకోకండి

రోడ్ సైకిల్ కొన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకు ఎడమ చేతి షిఫ్టర్‌ని, అంటే ముందు గేరు మార్చే మీటని, ముట్టుకోవడమే మానేస్తారు. గ్రూప్ రైడ్‌లో పక్కవాళ్ల చైన్ ఎక్కడుందో ఓసారి చూడండి, తెలిసిపోతుంది. కొందరిది ఎప్పుడూ ముందు చిన్న ప్లేటు (పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం) మీదే ఉంటుంది. చదును రోడ్డు మీద కాళ్లు గిరగిరా తిరుగుతుంటాయి, బండి మాత్రం సాగదు. ఇంకొందరిది ఎప్పుడూ పెద్ద ప్లేటు మీదే. ఎత్తు రాగానే వెనక పళ్ల చక్రాల్లో అన్నిటికన్నా పెద్దదాని దాకా వెళ్లిపోతారు, చైన్ ఏటవాలుగా సాగి గరగరలాడుతుంటే పళ్లు బిగబట్టి తొక్కుతారు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెప్పేది ఒకటే. ఎడమ లీవర్ గట్టిగా ఉంటుంది, వేళ్లు నొప్పి పుడతాయి, అందుకే వాడటం లేదు.

ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే దాని వెనకాల దాదాపు ప్రతిసారీ ఇంకో మాట ఉంటుంది: "నా చేతుల్లో బలం లేదేమో." ఆడవాళ్లు ఈ మాట ఎక్కువగా అంటారు. చిన్న చేతులున్న మగవాళ్లు బయటికి అనరు గానీ మనసులో అనుకుంటారు. నేను సైకిల్ కొన్న షాపులో లీవర్ గట్టిగా ఉందని చెబితే, "కొత్తది కదా మేడమ్, వాడుతుంటే అలవాటైపోతుంది" అన్నారు. అలవాటు కాలేదు. లీవర్‌ని చేతికి దగ్గరగా జరిపే రీచ్ స్క్రూ అనేది ఒకటి ఉంటుందని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. దాన్ని తిప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. డ్రాప్ హ్యాండిల్ (కొసలు కిందికి వంగిన హ్యాండిల్) సైకిల్‌లో ముందు గేరు మార్చడం కష్టంగా ఉందంటే ఆ కష్టం సైకిల్‌లో ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవచ్చు, చాలావరకు తీసేయొచ్చు. చేతికి బలం పెంచుకోమనడం, సింగిల్ ప్లేటుకి మారమనడం, ఎలక్ట్రానిక్ గేర్లు కొనమనడం, ఇవన్నీ ఆ వెతుకులాట అయ్యాక మాట్లాడుకోవాల్సినవి.

ముందసలు కుడి చెయ్యి కన్నా ఎడమ చేతికి ఎందుకంత పని పడుతుందో చూద్దాం. వెనక గేరు మారినప్పుడు చైన్ రెండు మూడు పళ్ల తేడా ఉన్న పక్క చక్రం మీదికి జరుగుతుంది. ముందు అలా కాదు. మనదగ్గర చాలా సైకిళ్లకు వచ్చే కాంపాక్ట్ క్రాంక్‌లో (పెడళ్లు, ముందు ప్లేట్లు ఉండే భాగం) పెద్ద ప్లేటుకి 50 పళ్లు, చిన్నదానికి 34. పదహారు పళ్ల తేడా. చైన్ లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క వేస్తే రెండు ప్లేట్ల వ్యాసార్ధాల మధ్య తేడా సుమారు 32 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే మీ వేలి నెట్టుడుకి చైన్ మూడు సెంటీమీటర్ల గోడ ఎక్కాలి. పైగా చైన్‌ని ప్లేటు నుంచి ప్లేటుకి తోసే ముందు డిరైలర్‌లోని స్ప్రింగ్ ఎప్పుడూ చిన్న ప్లేటు వైపే లాగుతుంటుంది. కిందికి దింపేటప్పుడు ఆ స్ప్రింగే పని చేసిపెడుతుంది, మనం చిన్న మీటని తాకితే చాలు. పైకి ఎక్కించేటప్పుడు మాత్రం ఆ స్ప్రింగుకి ఎదురు తొయ్యాలి. షిమానో కంపెనీ లీవర్లలో అదంతా ఒక్క ఊపులో చెయ్యాలి.

ఇది ఇలాగే ఉండి తీరాలని ఏమీ లేదు. షిమానో 1990లో తన రేసింగ్ సెట్టు డ్యూరా ఏస్‌తో ఎస్‌టీఐ లీవర్లు (బ్రేకు, గేరు ఒకేచోట ఉండేవి) తెచ్చే ముందు రేసింగ్ సైకిళ్లకు గేరు మీటలు కింద ఫ్రేమ్ గొట్టం మీద ఉండేవి. ముందు గేరుకి క్లిక్కులు ఉండేవి కావు, మీటని ఎంత కావాలంటే అంత నెమ్మదిగా లాగొచ్చు. 1992లో కాంపన్యోలో అనే మరో కంపెనీ ఎర్గోపవర్ లీవర్లు తెచ్చినప్పుడు ఎడమ లీవర్‌కి వరసగా చిన్న చిన్న క్లిక్కులు పెట్టింది. ఒక్క తోపులో కాకపోతే రెండు తోపుల్లో ఎక్కించుకోవచ్చు. షిమానో ఒక్క ఊపునే ఎంచుకుంది. అది త్వరగా పడుతుంది, తలనొప్పి తక్కువ. కానీ చిన్న చెయ్యికి అది ఎక్కువ అడుగుతుంది. ఒక కంపెనీ తీసుకున్న డిజైన్ నిర్ణయానికి మన వేళ్లని తప్పుపట్టడం న్యాయం కాదు కదా.

ఆ కంపెనీ కూడా ఈ బరువు సంగతి పట్టించుకుంది. 2012లో వచ్చిన డ్యూరా ఏస్ 9000లో ముందు డిరైలర్‌కి కేబుల్ పట్టుకునే కాడని బాగా పొడవు చేశారు. కాడ పొడవైతే అదే పనికి తక్కువ బలం చాలు. 2014లో దానికన్నా చవకైన 105 గ్రూప్‌సెట్‌లోకీ (గేర్లు, బ్రేకుల సెట్టు) ఆ పొడవు కాడ వచ్చింది. అయితే అది పైకి పొడుచుకొచ్చి లావు టైర్లకు అడ్డొచ్చేది. అందుకని 2016లో వచ్చిన డ్యూరా ఏస్ 9100 నుంచి చిన్న కీలు కాడల ఏర్పాటుతో దాన్ని కుదించి, తేలికతనం మాత్రం పోనివ్వలేదు. ప్రపంచంలోని మేటి రేసర్లు వాడే సామానులోనే బరువు తగ్గించాల్సి వచ్చిందంటే, ఆఫీసు పని చేసుకుంటూ ఆదివారం తొక్కే మనిషి "నాకు బలం లేదేమో" అనుకోవాల్సిన పనేముంది?

ఇక అసలు విషయానికి వస్తాను. నన్నెవరైనా "అక్కా, ముందు గేరు పడటం లేదు, చూస్తావా" అని అడిగితే నేను ముందు డిరైలర్ వైపు చూడను. వాళ్ల చెయ్యి చూస్తాను. హుడ్స్ (లీవర్ల పైనుండే రబ్బరు పట్టు) మీద చెయ్యి పెట్టి, గేరు మార్చేటప్పుడు వేళ్లు లీవర్‌కి ఎక్కడ ఆనుతున్నాయో చూపించమంటాను. చిన్న చేతులున్నవాళ్లకి చూపుడు వేలు కొస లీవర్ పైభాగానికే, ఇరుసుకి దగ్గర్లోనే ఆనుతుంది. కింది దాకా అందదు. లీవర్ పక్కకి ఊగేది హుడ్ ముందు భాగంలో ఉన్న ఇరుసు మీద. ఇరుసుకి దగ్గరగా తోస్తే బలం ఎక్కువ కావాలి. తలుపుని బందుల దగ్గర నెట్టడానికీ గడియ దగ్గర నెట్టడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. ఇరుసుకి 4 సెంటీమీటర్ల దూరంలో తోసేవాళ్లు, 8 సెంటీమీటర్ల దూరంలో తోసేవాళ్ల కన్నా రెండింతల బలం పెట్టాలి. సైకిల్ అదే, కేబుల్ అదే, స్ప్రింగూ అదే. పొడుగు వేళ్ల మనిషికి సగం బరువు, పొట్టి వేళ్ల మనిషికి మొత్తం బరువు. పైగా పొట్టి వేళ్లు అప్పటికే పూర్తిగా చాచి ఉంటాయి. చాచిన వేలికి పక్కకి తోసే బలం తక్కువ. రెండు దెబ్బలూ ఒకే చేతికి తగులుతాయి.

దీన్ని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. హుడ్స్ మీద చెయ్యి పెట్టి ఓసారి, కింద డ్రాప్స్ (హ్యాండిల్ వంగిన భాగం) పట్టుకుని ఓసారి పెద్ద ప్లేటుకి మార్చి చూడండి. డ్రాప్స్‌లో ఉన్నప్పుడు వేళ్లు సహజంగానే లీవర్ కింది భాగాన పడతాయి. అక్కడ తేలిగ్గా పడి, హుడ్స్ మీద బరువుగా ఉంటే సమస్య చాలావరకు లీవర్ దూరానిది. రెండు చోట్లా అంతే బరువుగా ఉంటే కేబుల్‌నో డిరైలర్‌నో అనుమానించాలి. పరీక్ష స్టాండు మీద కాకుండా, ఖాళీ రోడ్డు మీద తొక్కుతూ చెయ్యండి. తొక్కుతున్నప్పుడు చెయ్యి పట్టే తీరు వేరు.

లీవర్ దూరం తగ్గించడానికి ఇప్పటి లీవర్లు చాలావాటిలో చిన్న రీచ్ స్క్రూ ఉంటుంది. షిమానో వాటిలో చాలామటుకు 2 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది. స్క్రూ ఎక్కడుందనేది మోడల్ని బట్టి మారుతుంది. కొన్నిట్లో హుడ్ రబ్బరు ముందు అంచుని మడిస్తే కనబడుతుంది, కొన్నిట్లో లీవర్‌ని బ్రేకు వేసినట్టు నొక్కితే తెరుచుకునే సందులో ఉంటుంది. మోడల్ నంబర్ లీవర్ లోపలి వైపున చెక్కి ఉంటుంది, దాని మాన్యువల్ కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది. హుడ్ రబ్బరు మడిచేటప్పుడు గోళ్లతో పీకకండి, చిరుగుతుంది. వేళ్లు కొంచెం తడి చేసుకుని అంచు నుంచి చుట్టినట్టుగా పైకి దొర్లించండి. లోపల ఎండిన చెమట ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి, ఎలాగూ తెరిచారు కాబట్టి. స్క్రూని పావు చుట్టు తిప్పి, లీవర్ ఎటు జరిగిందో చూసి, మళ్లీ పావు చుట్టు. ఒకేసారి మూడు చుట్లు తిప్పెయ్యకండి. పాత చవక మోడళ్లలో స్క్రూ ఉండదు. వాటికి లీవర్ వెనక దూర్చే చిన్న రబ్బరు ముక్క వచ్చేది. అది పెడితే లీవర్ హ్యాండిల్ వైపు జరుగుతుంది. సైకిల్ పెట్టెలో వచ్చిన చిన్న కవరులోనే ఆ ముక్క ఉంటుంది, చాలా షాపుల్లో ఆ కవరు చెత్తబుట్టలోకి పోతుంది.

ఎంత దగ్గరికి తేవాలి? హుడ్ మీద చెయ్యి సడలించి పెట్టినప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు లీవర్‌ని చుట్టుకోవాలి, చాచి అందుకోవాల్సిన పని ఉండకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. లీవర్ దగ్గరికొచ్చిందంటే బ్రేకు పట్టే చోటు కూడా హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. డ్రాప్స్‌లో చెయ్యి పెట్టి గట్టిగా బ్రేకు వేస్తే లీవర్ హ్యాండిల్‌కి తగలకూడదు, మధ్యలో మీ మిగతా వేళ్లు నలగకూడదు. తగులుతుంటే బ్రేకు కేబుల్ కాస్త బిగించుకోవాలి. హైడ్రాలిక్ డిస్కు అయితే పట్టే చోటు సరిచేసే అవకాశం మీ మోడల్‌లో ఉందో లేదో చూడాలి, లేకపోతే రీచ్ కొంచెం వెనక్కి వదలాలి. గేరు తేలిక చేసుకోబోయి బ్రేకు పోగొట్టుకోకూడదు.

రీచ్ తర్వాత హుడ్ ఉన్న చోటు. మన షాపుల్లో డ్రాప్ హ్యాండిల్‌ని చూసీచూడకుండా బిగిస్తారు, హుడ్స్ ముందుకి కిందికి వాలిపోయి ఉంటాయి. అలా ఉంటే మణికట్టు కిందికి వంగుతుంది, వేళ్లు లీవర్‌కి ఇంకా దూరమవుతాయి. హ్యాండిల్‌ని స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే కాడ) దగ్గర వదులు చేసి కొంచెం పైకి తిప్పితే, ముంజేయి నుంచి హుడ్ దాకా ఒకే గీతలో వస్తుంది. ఎడమ హుడ్‌ని కాస్త లోపలికి తిప్పితే కూడా కొందరికి హాయిగా ఉంటుంది, ముఖ్యంగా భుజాల కన్నా వెడల్పు హ్యాండిల్ తగిలించిన సైకిళ్ల మీద. హుడ్ బోల్టు రబ్బరు కింద బయటి పక్కన ఉంటుంది. షిమానోకి 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల బిగింపు అని రాసి ఉంటుంది. కార్బన్ హ్యాండిల్ అయితే టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో చూపే పానా) లేకుండా ముట్టుకోకండి, హ్యాండిల్ మీద రాసిన గరిష్ఠ బిగింపు అంతకన్నా తక్కువైతే దాన్నే పాటించండి.

నాకు తెలిసినవాళ్లలో చాలామందికి ఈ రెండిటితోనే సగం కష్టం తీరిపోయింది. మిగతా సగం దాదాపు ఎప్పుడూ కేబుల్‌లోనే దొరుకుతుంది.

కేబుల్ని ఊరికే అనుమానించడం కాదు, విడదీసి చూడాలి. లీవర్‌ని చిన్న ప్లేటు స్థితికి పూర్తిగా దించి, డిరైలర్ దగ్గర కేబుల్ పట్టిన బోల్టు వదులు చెయ్యండి. ఇప్పుడు డిరైలర్, కేబుల్, లీవర్ మూడూ విడివిడిగా చేతికొచ్చాయి. డిరైలర్ని బొటనవేలితో బయటికి తోసి వదిలెయ్యండి. స్ప్రింగు బలం తెలుస్తుంది, చటుక్కున వెనక్కి రావాలి. నింపాదిగా, అడ్డుపడుతూ వస్తే కీళ్లలో మట్టి, తుప్పు చేరాయన్నమాట. కడిగి, కీలు కీలుకీ ఒక చుక్క నూనె వెయ్యాలి. తర్వాత కేబుల్ కొసని గుడ్డతో పట్టుకోండి, విడిపోయిన పోగులు సూదుల్లా గుచ్చుకుంటాయి. కొద్దిగా లాగి ఉంచి, లీవర్ని క్లిక్ చెయ్యండి. స్ప్రింగు లేదు కాబట్టి అది వెన్నలా కదలాలి. అప్పటికీ బరువుగా ఉంటే ఆ బరువు కేబుల్ దారిలో ఎక్కడో ఉన్న రాపిడిదే. బార్ టేప్ కింద ఔటర్ (కేబుల్ తొడుగు) మెలిక తిరిగి ఉండొచ్చు, ఫ్రేములోకి దూరే చోట మరీ వంపు పడి ఉండొచ్చు. లీవర్ లోపలే కేబుల్ తల దగ్గర పోగులు తెగుతూ ఉండొచ్చు కూడా. ఎస్‌టీఐ లీవర్లలో కేబుల్ ఆ తల దగ్గర బిగుతు మలుపు తిరుగుతుంది, పోగులు ఒక్కొక్కటిగా అక్కడే తెగుతాయి. ఉన్నట్టుండి గేరు బరువెక్కితే అది తెగబోయే ముందు వచ్చే హెచ్చరిక. తెగాక ఆ ముక్కని లీవర్ లోంచి బయటికి తియ్యడం పెద్ద యాతన. ముందే మార్చెయ్యండి.

హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కేవాళ్లు ఇంకో చోటు తప్పకుండా చూడాలి. సైకిల్ని తలకిందులు చేస్తే క్రాంక్ కింద, బాటమ్ బ్రాకెట్ అడుగున, నల్లటి ప్లాస్టిక్ ముక్క కనబడుతుంది. కేబుళ్లు బయటినుంచి వెళ్లే ఫ్రేముల్లో రెండు గేరు కేబుళ్లూ దాని గాడిలోంచే పోతాయి. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము అక్కడే గట్టిపడతాయి. బాటిల్‌లోని ఎలక్ట్రోలైట్ నీళ్లు కారి, ఫ్రేము గొట్టం మీదుగా జారి చేరేది కూడా అక్కడికే. నీళ్లు ఆరిపోతాయి, చక్కెర మిగులుతుంది. గండిపేట వైపు, చిలుకూరు వైపు వానలో తొక్కిన సైకిళ్లకు ఆ గాడిలో జిగురు పట్టిన ఇసుక పొర నేను చూశాను. పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్లు చాలు. దాని మీద చిక్కటి గ్రీజు పులమకండి, మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది.

మార్చాల్సి వస్తే గేరుకి గేరు ఔటరే వెయ్యాలి. ఇది చెప్పడం అనవసరం అనిపించొచ్చు, కానీ గేరుకి బ్రేకు ఔటర్ వేసి పంపించిన సైకిల్ నా చేతికొచ్చింది. గేరు ఔటర్ 4 మిల్లీమీటర్ల మందంతో, లోపల పొడుగునా సాగే ఇనుప తీగలతో ఉంటుంది. లాగినప్పుడు అది కుంచించుకుపోదు. బ్రేకు ఔటర్ లావుగా ఉంటుంది, లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగితే కొద్దిగా నొక్కుకుపోతుంది. గేరుకి అది పెడితే మీ వేలి కదలికలో కొంత ఔటర్‌ని నొక్కడానికే ఖర్చయిపోతుంది, చైన్ ఎక్కే సమయానికి వేలు ఇంక సాగదు. ఔటర్ కోసిన చోట కొస చదునుగా ఆకురాయితో అరగదీసి, నలిగిన లోపలి గొట్టాన్ని సూదితో తెరవాలి. షాపులో తొందర తొందరగా చేసే పనిలో ఇదే ఎక్కువగా ఎగిరిపోతుంది. నున్నటి పూత ఉన్న ఇన్నర్ కేబుల్, మంచి ఔటర్, రెండూ కలిపి కొన్ని వందల రూపాయలవుతాయి. సైకిల్ మీద అంత తక్కువ ఖర్చుతో అంత హాయినిచ్చే మార్పు ఇంకొకటి నాకు తెలియదు.

ఆఖరున డిరైలర్. దీని గురించి వీడియోలు కొల్లలుగా ఉన్నాయి కాబట్టి కొలతలు క్లుప్తంగా చెబుతాను. డిరైలర్ బయటి పలక పెద్ద ప్లేటు పళ్ల పైన 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, ప్లేటుకి సమాంతరంగా ఉండాలి. మరీ ఎత్తుగా ఉంటే చైన్ని సరిగా తోయలేదు, మీరు ఎంత బలం పెట్టినా వృథా. ఇంతవరకు అందరూ చెబుతారు. బరువుకి నేరుగా సంబంధం ఉండి, ఎక్కువమంది చెప్పని సంగతులు వేరే ఉన్నాయి.

మొదటిది హెచ్ స్క్రూ. డిరైలర్ బయటివైపు ఎంత దూరం పోవచ్చో ఆపేది అదే. చైన్ బయట పడిపోతుందనే భయంతో దాన్ని అతిగా బిగిస్తారు. అప్పుడు లీవర్ లోపలి క్లిక్ పడకముందే డిరైలర్ స్క్రూకి తగిలి ఆగిపోతుంది. ఇక అక్కడినుంచి మీరు తోసేదంతా ఆగిపోయిన ఇనుముని తోయడమే, కేబుల్ని సాగదియ్యడమే. చైన్ పైకి ఎక్కినట్టే ఎక్కి, వేలు తియ్యగానే జారిపోతుంటే అది ఇదే. వేలు బలం చాలక కాదు, లీవర్‌కి క్లిక్ పడే చోటు దొరకక. హెచ్ స్క్రూని పావు చుట్టు చొప్పున వదులుతూ, చైన్ బయటికి పడిపోవడం లేదని ప్రతిసారీ చూసుకుంటూ పోతే ఒకచోట హఠాత్తుగా క్లిక్ పడుతుంది. ఇదే లక్షణం కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా వస్తుంది, అది కూడా చూడండి.

కేబుల్ మరీ వదులుగా ఉండటం ఇంకో రకం కష్టం. లీవర్ ఊపులో మొదటి భాగం ఖాళీగా పోతుంది, ఆ వదులంతా లాగాక గానీ డిరైలర్ కదలదు. అంటే అసలు బరువంతా ఊపు చివర్లో, వేళ్లు పూర్తిగా చాచుకున్న చోట మీద పడుతుంది. చిన్న చెయ్యికి అంతకన్నా చేటు లేదు. బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే చిన్న మర) ఉంటే దానితో, 105 ఆర్7000 లాంటి కొత్త డిరైలర్లలో అయితే డిరైలర్ మీదే ఉన్న 2 మిల్లీమీటర్ల స్క్రూతో ఆ వదులుని తీసెయ్యొచ్చు.

రెండోది, కేబుల్ బోల్టుకి ఏ పక్క నుంచి వెళ్లిందనేది. బోల్టు కింద ఒక గాడి ఉంటుంది, కేబుల్ అందులోనే కూర్చోవాలి. పొరపాటున అవతలి పక్క నుంచి బిగిస్తే కాడ పొడవు మారినట్టే. లాగుడు దూరం తగ్గొచ్చు, బరువు పెరుగుతుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, ఎంత సర్దినా కుదరదు. పొడవు కాడ ఉన్న తరం డిరైలర్లలో కేబుల్ దారిని తేల్చడానికి షిమానో ప్రత్యేకంగా చిన్న ప్లాస్టిక్ పనిముట్టే ఇచ్చింది. ఆ తేడా అంత ముఖ్యం.

మూడోది ట్రిమ్. షిమానో రెండు ప్లేట్ల లీవర్లు చాలావాటిలో సగం క్లిక్కు ఉంటుంది. పెద్ద ప్లేటు మీద ఉండి వెనక పెద్ద చక్రాల వైపు వెళ్లినప్పుడు చైన్ డిరైలర్‌కి రాసుకుంటే, చిన్న మీటని కొంచెంగా తాకితే డిరైలర్ కాస్త లోపలికి జరుగుతుంది. చైన్ మాత్రం కిందికి దిగదు. ఈ సగం క్లిక్కు సంగతి తెలియని మెకానిక్ ఆ రాపిడి చప్పుడు పోగొట్టడానికి కేబుల్ బిగిస్తాడు, స్క్రూలు కదుపుతాడు. చప్పుడు పోతుంది, దాని బదులు బరువు వస్తుంది. చప్పుడుకి మందు మీటలోనే ఉందని సైకిల్ అమ్మేటప్పుడు ఒక్క మాట చెబితే ఎన్ని సైకిళ్లు బాగుపడేవో.

మార్చే పద్ధతి గురించి కూడా రెండు మాటలు. పెద్ద ప్లేటుకి ఎక్కించేటప్పుడు వెనక చైన్ మధ్య చక్రాల మీద ఉండాలి. పెడల్ మీద బలం ఒక అరచుట్టు సేపు తగ్గించాలి, తొక్కడం మాత్రం ఆపకూడదు. లీవర్‌ని చివరిదాకా తోసి, చైన్ ఎక్కిందని కాలికి తెలిసేదాకా పట్టి ఉంచాలి. ప్లేటు లోపలి వైపు చిన్న పిన్నులు, వాలు గాడులు ఉంటాయి. చైన్ని అందుకుని పైకి లేపేవి అవే, వాటి వంతు వచ్చేదాకా ఆ అరచుట్టు ఆగాలి. తోసి వెంటనే వదిలేసేవాళ్లకి చైన్ సగంలో జారుతుంది, రెండోసారి ఇంకా గట్టిగా తోస్తారు.

ఇక నాతో వాదించేవాళ్ల మాట. మా గ్రూపులో ఒక తమ్ముడు ఎప్పుడూ అంటుంటాడు, "అక్కా, ఇంత తిప్పలెందుకు? వన్ బై వేయించేస్తే ముందు గేరే ఉండదు కదా." వన్ బై, అంటే ముందు ఒకే ప్లేటు, మంచిదే, మట్టి దారుల మీద తొక్కేవాళ్లకి నేను కూడా అదే చెబుతాను. కానీ అది ఈ సమస్యకి జవాబు కాదు, సమస్యని తప్పించుకోవడం. లెక్క చూడండి. ముందు 50, 34, వెనక 11 నుంచి 32 పెట్టుకుంటే అన్నిటికన్నా బరువు గేరు, తేలిక గేరుకి 4.28 రెట్లు ఉంటుంది. ముందు ఒక్క 40 ప్లేటు, వెనక 11 నుంచి 42 అయితే 3.82 రెట్లు. రేంజి తగ్గింది, గేరుకీ గేరుకీ మధ్య దూరాలూ పెరిగాయి. వికారాబాద్ అనంతగిరి ఎక్కి, మళ్లీ ఎదురుగాలిలో చదును రోడ్డు మీద గ్రూపుతో వెనక్కి రావాలంటే ఆ దూరాలు కాళ్లకి తెలుస్తాయి. బ్రేవెలు (గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్‌లు) తొక్కేవాళ్లకి మరీ. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలిస్తారు, ఆ దూరంలో మోకాలికి నప్పే గేరు దొరకడం చిన్న విషయం కాదు. అదీ కాక, మార్చాలంటే క్రాంకు, క్యాసెట్టు (వెనక పళ్ల చక్రాల సెట్టు), వెనక డిరైలరు, చాలాసార్లు షిఫ్టరు కూడా కొనాలి. రెండు ప్లేట్లకి డబ్బు కట్టి సైకిల్ కొన్న మనిషి, తన లీవర్ ఎవరూ సర్దనందుకు ఇంకో సెట్టు కొనాలా?

ఎలక్ట్రానిక్ సంగతి వేరు. అందులో ముందు గేరు మార్చడమంటే మీట నొక్కడమే, మిగతాది మోటారు చూసుకుంటుంది. 2022లో 105 కూడా ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చింది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి, చేతికి ఆపరేషన్ అయినవాళ్లకి అది నిజంగా వరం, కొనగలిగితే సందేహం లేకుండా కొనమంటాను. కానీ సోరా, క్లారిస్ లాంటి చవక గేరు సెట్టున్న సైకిల్ మీద ఉన్న కాలేజీ అమ్మాయికి ఆ సలహా ఇవ్వడంలో అర్థం లేదు. ఆ గ్రూప్‌సెట్టు ధరకి ఆమె సైకిల్ లాంటిది మరొకటి వస్తుంది. ఆమెకి కావాల్సింది అలెన్ కీ, కొత్త కేబుల్.

బలం సంగతి కూడా తేల్చేస్తాను. పిడికిలి వ్యాయామాలు మంచివే, చెయ్యండి. కానీ అవి వేళ్లు ముడిచే బలాన్ని పెంచుతాయి. లీవర్‌కి కావాల్సింది చాచిన వేళ్లతో పక్కకి తోసే బలం. ఇక నొప్పిని నొప్పిగానే చూడాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వారాల తరబడి ఉంటే డాక్టరుకి చూపించండి. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మాత్రం గేరు వల్ల కాదు. అరచేతి కింద నరం హ్యాండిల్ మీద నలగడం వల్ల వస్తుంది, దానికి హ్యాండిల్ ఎత్తు, చేతి భంగిమ చూసుకోవాలి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఫిట్టింగ్ పేరుతో జరిగే పని. సీటు ఎత్తు కొలుస్తారు, స్టెమ్ పొడవు మారుస్తారు, కొందరు కెమెరాలు పెట్టి మోకాలి కోణం లెక్కగడతారు. లీవర్ దూరం మాత్రం ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. చిన్న ఫ్రేము సైకిల్ కొన్న అయిదడుగుల మనిషికీ, పెద్ద ఫ్రేము కొన్న ఆరడుగుల మనిషికీ చాలాసార్లు అవే లీవర్లు, అదే దూరం. చిన్న చేతుల కోసం షిమానో 2018లో 105 తరంలో విడిగా ఎస్‌టీ ఆర్7025 అని ఒక లీవర్ చేసింది. చిన్న సైజు సైకిళ్ల మీద అది కనబడటం అరుదు. కంపెనీల సంగతి మన చేతిలో లేదు, స్క్రూ మాత్రం షాపు చేతిలోనే ఉంది.

ఇవన్నీ చేశాక కూడా లీవర్ బరువే అనిపించేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకి ఇంకా ఒక దారి ఉంది. హ్యాండిల్ కొసల్లో దూర్చే బార్ ఎండ్ మీటలు. ముందు గేరుకి వాటిలో క్లిక్కులు లేని రకం దొరుకుతుంది, అరచేతితో నెమ్మదిగా నొక్కొచ్చు, మొత్తం చేతి బలం వాడొచ్చు. చెయ్యి హుడ్స్ మీంచి తియ్యాల్సి వస్తుంది, బ్రేకు లీవర్ కూడా విడిగా కావాలి. దూరాలు నింపాదిగా తొక్కే పెద్దవయసు వాళ్లకి అది బాగా నప్పుతుంది, ఎలక్ట్రానిక్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

కొత్తగా కొనబోయేవాళ్లు షాపులో మిగతా డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యండి. సైకిల్ని ట్రైనర్ (ఉన్నచోటే తొక్కే సాధనం) మీద పెట్టించి ఎక్కండి. హుడ్స్ మీద చేతులు పెట్టండి, కళ్లు దించకుండా లీవర్ అందుకోండి. చూపుడు వేలి మొదటి కణుపు దాన్ని చుట్టుకోకపోతే అక్కడే, అప్పుడే రీచ్ సర్దమనండి. తొక్కుతూ అయిదారుసార్లు పెద్ద ప్లేటుకి మార్చి చూడండి. సర్దిన తర్వాత బ్రేకు హ్యాండిల్‌కి తగలడం లేదని డ్రాప్స్ లోంచి కూడా చూసుకోండి. "అలవాటైపోతుంది" అంటే, అలెన్ కీ ఇవ్వండి నేనే తిప్పుకుంటాను అని అడగండి. ఇలా అడిగితే చాలామంది మెకానిక్‌లు నవ్వేసి తామే తిప్పి ఇస్తారు. ఇవ్వకపోతే పక్క వీధిలో ఇంకో షాపు ఉంటుంది.